భాగాలవారీగా మంత్రిగారు

మా శాఖ జాయింట్ డైరెక్టర్ డాక్టర్ విశ్వంభరరావు గారు బెంగుళూరులో జరిగిన మెదడు సదస్సుకి వెళ్లకుండా ఉంటే, మా బడిలో కుర్చీలు కుర్చీలుగానే ఉండేవి. నిజానికి వెళ్లాల్సింది ఆయన కాదు. వెళ్లాల్సిన ఆయనకి కామెర్లు వచ్చాయి. టికెట్టు వృథా కాకూడదని ఈయన వెళ్లారు. ఈయన డాక్టరు పట్టా ప్రభుత్వ పరిపాలనలో తీసుకున్నది కాబట్టి, అప్పటిదాకా మెదడుతో ఆయనకి పెద్దగా పని పడలేదు.

ఆ సదస్సులో యాస్మిన్ అనే శాస్త్రవేత్త మాట్లాడారు. ఆటిజం ఉన్న పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకి కప్పు, గొడుగు, చేప లాంటి బొమ్మలు చూపిస్తే వాళ్ల మెదడు ఏం చేస్తుందన్నది ఆవిడ పరిశోధన. మనలో చాలామందికి ముందు మొత్తం ఆకారం తడుతుంది, వివరాలు ఆ తర్వాత వస్తాయి. ఈ పిల్లల్లో కొందరికి వివరాలే ముందు తడతాయి, ఆకారం కాస్త వెనకగా వస్తుంది. ఇంతవరకు చెప్పి ఆవిడ తెరమీద మెదడు బొమ్మ చూపించారు. అందులో ఒకచోట ఎర్రగా, ఒకచోట పసుపుగా ఉంది. విశ్వంభరరావు గారు ఆ రంగులు చూసి ముగ్ధులై, టీ తాగడానికి బయటికి వెళ్లారు. "ఇది అందరిలోనూ కాదు, తేడా కూడా చాలా చిన్నది, దీన్ని పట్టుకుని ఎవరూ తొందరపడకూడదు" అని ఆవిడ చెప్పింది సరిగ్గా అప్పుడేనట.

తర్వాతి సోమవారం మా బడికి ఉత్తర్వు వచ్చింది.

"ఇందుమూలముగా సమస్త ప్రత్యేక పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు తెలియజేయునది ఏమనగా, ఆటిజం గల కౌమార విద్యార్థుల మెదడు వస్తువులను భాగములుగా స్వీకరించుచున్నట్లు ఈ శాఖ దృష్టికి వచ్చినది. కావున ఇకమీదట ఏ వస్తువునూ వారికి ఒక్కసారిగా, సంపూర్ణముగా చూపరాదు. ఈ కార్యక్రమమునకు భాగదర్శన పథకమని నామకరణము చేయడమైనది. ఉల్లంఘన తీవ్రముగా పరిగణింపబడును."

మా హెడ్మాస్టారు త్రిమూర్తులు గారు దాన్ని నిలబడి చదివారు. పైనుంచి వచ్చిన కాగితం ఏదైనా ఆయన నిలబడే చదువుతారు. చదివి నా చేతికిచ్చారు.

"మందాకిని గారూ, ఇందులో మనం చెయ్యాల్సిందేవిటో మీకేవైనా అర్థమైందా?"

"కుర్చీ చూపించకూడదంటండి. కాళ్లు వేరే, వీపు వేరే చూపించాలంట."

"మరి కూర్చోడం?"

"దాని గురించి రాయలేదండి."

"అయితే కూర్చోడం మన పరిధిలోకి రాదు," అని ఆయన ఊపిరి పీల్చుకున్నారు.

మాది గోదావరి జిల్లాలో ఒక ఊరి చివర, పాత గిడ్డంగిలో నడిచే ప్రభుత్వ ప్రత్యేక పాఠశాల. పిల్లలు తక్కువే. నేను అక్కడ చేతిపనుల టీచర్ని. నా తరగతిలో అందరికంటే ఎక్కువ పని చేసే పిల్ల లోవకుమారి. పదిహేనేళ్లది. వాళ్లమ్మ నూకరత్నం బస్టాండు దగ్గర గాజులు, రిబ్బన్లు అమ్ముతుంది. లోవ మాటలు తక్కువ. పొద్దున నేను గదిలోకి రాగానే ముందు నా గడియారం పట్టీ చూస్తుంది, తర్వాత చీర అంచు, తర్వాత చెవిపోగు. అవన్నీ తాపీగా చూసుకుని, అప్పుడు నా మొహం చూసి "టీచరు" అంటుంది. ఆ కాసేపు నేను గుమ్మంలో ఆగుతాను. దీనికి ఇంతవరకు ఏ పథకమూ అవసరం పడలేదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక లోవ కుట్టుమిషను ముందు కూర్చుంటుంది. అది తొక్కుడు మిషను, నల్లది, పక్కన బంగారు రంగు పువ్వులు సగం చెరిగిపోయాయి. పొద్దుటినుంచి బడిలో ఎన్ని గోలలు జరిగినా, ఎవరు అరిచినా, మిషను మీద కూర్చుందంటే పిల్ల నెమ్మదిస్తుంది. తలగడ గలీబులకి అంచులు కుడుతుంది. వంకర పోతే విప్పి మళ్లీ కుడుతుంది. వాళ్లమ్మ ఆ గలీబుల్ని కొట్లో రిబ్బన్ల పక్కన వేలాడదీస్తుంది.

సరే, పథకం మొదలైంది. వడ్రంగులు వచ్చి కుర్చీల కాళ్లూడదీసి తూర్పు గోడకి, వీపులు పడమటి గోడకి, కూర్చునే చెక్కలు మధ్యలో పేర్చారు. బల్లలదీ అదే గతి. హెడ్మాస్టారి మేజా కూడా పోయింది. ఆయన కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని, వంగి సంతకాలు చేయడం నేర్చుకున్నారు. గంటలోంచి లోపలి నాలుక తీసి విడిగా వేలాడదీశారు కాబట్టి గంట మోగడం మానేసింది. అటెండరు గుమ్మంలో నిలబడి "టంగు టంగు" అని అరిచేవాడు.

విశ్వంభరరావు గారు తనిఖీకి వచ్చింది భోజనాల వేళ. వంటామె గిన్నెలో సాంబారు చూసి ఆయన రెండడుగులు వెనక్కి వేశారు.

"ఇదేమిటి?"

"సాంబారండి," అంది వంటామె.

"అది నాకూ కనబడుతోంది. సాంబారు అనేది ఒక సంక్లిష్ట సమగ్ర పదార్థం. దాన్ని ఈ విద్యార్థులపై ఆకస్మికంగా ప్రయోగించరాదు."

మర్నాటినుంచి ఉడికిన పప్పు ఒక గిన్నెలో, చింతపండు పులుసు ఒక గిన్నెలో, మునక్కాడలు ఒక గిన్నెలో, పోపు చిన్న పళ్లెంలో వడ్డించారు. న్యాయంగా చెప్పాలంటే ఇది మా పిల్లల్లో చాలామందికి నచ్చింది. కలిపితే ముట్టని చిన్నారావు ఆ రోజు రెండుసార్లు పెట్టించుకున్నాడు. నేను కూడా ఈ పథకంలో ఏదో ఉందేమోనని ఒక పూట అనుకున్నాను. సాయంత్రానికి వివరణ ఉత్తర్వు వచ్చింది. "ఉపాధ్యాయుడు కూడా దృశ్య వస్తువే అని గ్రహించవలెను."

అంటే మేం కూడా తరగతిలోకి ఒక్కసారిగా వెళ్లకూడదు. ముందు చెయ్యి, తర్వాత భుజం, ఆపైన కాలు, చివర్న మొహం. మగ టీచర్లు ఇద్దరు గుమ్మం అవతల నిలబడి ఒక చెయ్యి లోపలికి పెట్టి ఊపుతూ, అటెండరు "తర్వాతి భాగం" అనేదాకా అలాగే ఉండేవారు. హెడ్మాస్టారైతే చెయ్యి పెట్టి, ఏ భాగం దాకా వచ్చారో మర్చిపోయి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టేవారు. పిల్లలు ఇదంతా కొత్త ఆట అనుకుని తెగ నవ్వేవారు. నా వంతు వచ్చినప్పుడు లోవ లేచొచ్చి, గుమ్మంలో కనబడిన నా చెయ్యి పట్టుకుని, మనిషిని మొత్తం లోపలికి లాగేసింది. ఉల్లంఘన జరిగింది. ఎవరూ పైకి రాయలేదు.

నవ్వులాట అక్కడితో ఆగిపోయింది. మర్నాడు కుట్టుమిషను విప్పారు.

నేను వద్దన్నాను. హెడ్మాస్టారు కిటికీ గట్టు దగ్గరనుంచే "అది కూడా వస్తువే కదండీ" అన్నారు, నా మొహం చూడకుండా. చక్రం ఒకచోట, సూది ఒకచోట, తొక్కుడు బల్ల ఒకచోట పెట్టి, ఒక్కోదాని మీద ఒక్కో ఎర్ర గుడ్డ కప్పారు. మధ్యాహ్నం లోవ వచ్చింది. మిషను ఉండే మూల ఖాళీగా ఉంది. ఆ ఖాళీ చోటు చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత గోడకి ఆనుకుని కూర్చుని, రెండు చెవులూ మూసుకుని, ఒకటే శబ్దం చేస్తూ ఊగడం మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చున్నాను. సాయంత్రం బడి వదిలేదాకా అంతే. ఇంటికెళ్లాక అన్నం ముట్టలేదని మర్నాడు నూకరత్నం చెప్పింది. చెప్పడమంటే, గేటు దగ్గరనుంచే మొదలుపెట్టింది.

"ఏటండీ ఇది హెడ్మాస్టారూ! మా పిల్ల ఎవరి జోలికెళ్లింది? ఆ మిసను మీద కూకుంటే గదా ఇంటికాడ ఓ ముద్ద తింటాది! దాన్ని విప్పేత్తారా? మీ ఇంట్లో పొయ్యి విప్పేసి వంట సేసుకుంటారా?"

"అమ్మా, ఇది మీ అమ్మాయి మంచికే. తన మెదడు భాగాలుగా..."

"మా పిల్ల మెదడు సంగతి నాకు సెప్తారా? పదేనేళ్లనుంచీ నేను పెంచుతున్నానండి! అది ముందు గాజు సూత్తాది, తరవాత సెయ్యి సూత్తాది. అయినా ఆ సెయ్యి అమ్మదేనని దానికి తెలుసండి!"

త్రిమూర్తులు గారు జేబు తడుముకున్నారు. ఉత్తర్వు కాగితం తీసి ఆమెకి చూపించారు. ఆమె చదువుకోలేదు. ఆయనకీ ఆ క్షణాన దానిలో చదవాల్సింది ఏమీ కనిపించినట్టు లేదు, మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

ఆ వారం గడిచాక విశ్వంభరరావు గారు ఫలితాల పరిశీలనకి వచ్చారు. పిల్లల్ని వరసగా చాప మీద కూర్చోబెట్టి, ఎర్ర గుడ్డ కింద ఉన్న చక్రాన్ని తీసి చిన్నారావుకి చూపించారు.

"ఇదేమిటి నాయనా?"

"చక్రం," అన్నాడు చిన్నారావు.

"భాగాన్ని భాగంగానే చూస్తున్నాడు. పథకం ఇతనికి అత్యవసరం. కొనసాగించండి," అని ఆయన పక్కనున్న గుమాస్తాకి చెప్పి రాయించారు.

తర్వాత లోవ. చక్రం కంటబడగానే లోవ చాప మీదనుంచి లేచిపోయింది. "మిషన్! మిషన్!" అంటూ వచ్చి ఆయన చేతిలోంచి లాక్కుని గుండెలకి పెట్టుకుంది. ఆయన కళ్లజోడు కింద పడింది. ఆయనకి కోపం రాలేదు. మొహం వెలిగిపోయింది.

"గమనించారా! భాగం చూపితే సంపూర్ణ వస్తువు చెప్పింది! భాగదశను అధిగమించింది. ఈ విద్యార్థినికి నయమైంది!"

"సార్," అన్నాను నేను, "తను రోజూ తొక్కే మిషన్ అది. వారంనుంచి కనబడక బెంగపెట్టుకుంది. చక్రం చూస్తే గుర్తుపట్టదా?"

"మేడమ్, మీరు భావోద్వేగ కోణంనుంచి మాట్లాడుతున్నారు. నేను ఫలితాల కోణంనుంచి మాట్లాడుతున్నాను."

"చక్రం అన్నవాడికి పథకం అవసరమైతే, మిషన్ అన్న పిల్లకి నయమైతే, పథకం పనిచెయ్యలేదని పిల్లలు ఏం చెబితే తెలుస్తుందండి?"

ఆయన గుమాస్తా చేతిలోని నమూనా కాగితం చూశారు. "అటువంటి జవాబుకి నమూనాలో గడి లేదు," అన్నారు.

నయమైనవాళ్లు ప్రత్యేక బడిలో ఉండటానికి నిబంధనలు ఒప్పుకోవు. కాబట్టి లోవని బడినుంచి తొలగించాలి. అదీ ఊరికే కాదు, పథకం తొలి విజయంగా, స్వయంగా మంత్రిగారి సమక్షంలో. సభకి తేదీ కూడా పెట్టేశారు. ఈ మాట నూకరత్నానికి నేనే చెప్పాను.

"నయమైపోయిందా?" అంది. "నిన్న బస్సు హారనుకి బెదిరిపోయి మంచం కిందకి దూరింది టీచరుగారూ. దానికి నయమైపోయిందని దానికి ఎవరు సెప్తారు?"

సభకి మా బడి ఆవరణలో షామియానా వేశారు. వేదిక మీద ప్లైవుడ్డుతో నిలువెత్తు పెట్టె కట్టారు. దాని పేరు దర్శన మండపం. ముందువైపు అయిదారు చిన్న కిటికీ తలుపులు, వెనక ఒక తలుపు. పిల్లలు మంత్రిగారిని ఒక్కసారిగా చూడకూడదు కాబట్టి ఆయన ఆ పెట్టెలో నిలబడతారు. పాదాల దగ్గరనుంచి పైకి ఒక్కో కిటికీ తెరుస్తారు. చివర్న మొహం. అప్పుడు పిల్లలు "మంత్రిగారు" అనాలి. మంత్రిగారు దీనికి ఎలా ఒప్పుకున్నారా అని నాకు అనుమానం వచ్చింది. ఆయన పీయే చెప్పాడు. విగ్రహావిష్కరణ లాంటిదని వివరించారట. "బతికుండగానే ఆవిష్కరణా!" అని ఆయన సంబరపడిపోయారట.

ముఖ్య అతిథిగా యాస్మిన్ గారిని పిలిచారు. ఆవిడ వచ్చి, గోడలకి పేర్చిన కుర్చీ కాళ్లు చూసి, నన్ను పక్కకి పిలిచింది.

"ఏదైనా కార్ఖానా పెడుతున్నారా?"

"మీ పరిశోధనేనండి," అన్నాను.

ఆవిడ మొహంలో రంగు మారింది. నేరుగా విశ్వంభరరావు గారి దగ్గరికి వెళ్లింది. "సార్, నేను అలా చెప్పలేదు. ఒక్కో పిల్ల ఒక్కోలా చూస్తుంది అన్నాను. వస్తువుల్ని విప్పమని ఎక్కడా అనలేదు."

"తెలుసు మేడమ్. మీరు సిద్ధాంతం ఇచ్చారు. అమలు మా బాధ్యత."

మైకు ఆవిడకిచ్చారు. "అందరికీ నమస్కారం," అన్నారావిడ. వెంటనే మైకు తీసేసుకున్నారు. పథకం స్ఫూర్తితో ముఖ్య అతిథి ప్రసంగాన్ని కూడా భాగాలుగా అందిస్తున్నామని, ఇది మొదటి భాగమని, తక్కినవి వచ్చే సభల్లో ఉంటాయని విశ్వంభరరావు గారు ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు.

మంత్రిగారు వెనక తలుపులోంచి పెట్టెలోకి వెళ్లారు. మధ్యలో తలుపు తెరుచుకుని ఆయన మొత్తంగా కనబడిపోతే ప్రమాదమని బయటనుంచి గడియ పెట్టారు. వేదిక కింద పిల్లలు చాపల మీద, వాళ్ల వెనక అమ్మానాన్నలు, ఆ వెనక కార్యకర్తలు. కుర్చీలు లేవు.

మొదటి కిటికీ తెరిచారు. నల్లటి తోలు చెప్పులు, పక్కన తెల్ల పంచె అంచు కనబడ్డాయి. కార్యకర్తలు లేచి జిందాబాద్ కొట్టారు. దండ పట్టుకున్నాయన పరిగెత్తుకొచ్చి, ఎక్కడ వేయాలో తెలియక, కిటికీలోంచి చెయ్యి పెట్టి చెప్పుల మీద వేసొచ్చాడు. రెండో కిటికీలో ఉంగరాల చెయ్యి. చెయ్యి ఊగింది. మళ్లీ జిందాబాద్. మూడో దాంట్లో పొట్ట. అక్కడ ఎవరికీ ఏం అనాలో తోచక ఊరుకున్నారు. ఫొటోగ్రాఫర్లు మాత్రం తీసుకున్నారు.

నాలుగో కిటికీ, అంటే భుజాలది, తెరుచుకోలేదు. ముందురోజు పడిన జల్లుకి చెక్క ఉబ్బింది. అటెండరు లాగాడు. ఇద్దరు కార్యకర్తలు లాగారు. పిడి ఊడి చేతికొచ్చింది.

"పోనీ మొహం కిటికీ తెరిచేద్దామా అండి?" అన్నాడు అటెండరు.

"క్రమభంగం!" అన్నారు విశ్వంభరరావు గారు. "భుజాలు లేని తల చూపిస్తే విద్యార్థుల మెదడు ఏ నిర్ణయానికి వస్తుంది?"

"మరి వెనక తలుపు తీసెయ్యమంటారా?"

"ఆవిష్కరణ పూర్తికాని మంత్రివర్యులను బయటికి తీయుటకు నాకు అధికారం లేదు. పై అనుమతి కావాలి."

"ఎవరి అనుమతండి?"

"మంత్రిగారిదే," అన్నారాయన.

ఈలోగా పెట్టెలోంచి మంత్రిగారి గొంతు వినబడటం మొదలైంది. మొదట్లో నెమ్మదిగానే. "ఏవయ్యా, ఉక్కగా ఉంది." తర్వాత "ఎవడ్రా గడియ పెట్టింది?" ఆ తర్వాత మాటలు పిల్లలున్న చోట అనదగ్గవి కావు. రెండు చేతులతో ప్లైవుడ్డు మీద బాదడం మొదలుపెట్టారు. మైకు పక్కనే ఉండటంతో ఆ చప్పుడు ఆవరణంతా దడదడలాడింది. మా పిల్లలు కొందరు ఏడుపందుకున్నారు. లోవ రెండు చెవులూ మూసుకుంది. వాళ్లమ్మ లేచి వచ్చేలోపే లోవ లేచింది. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని, వేదికెక్కి, నేరుగా పెట్టె వెనక్కి వెళ్లి గడియ తీసేసింది.

చప్పుడు ఆగిపోయింది. ఆ పిల్లకి కావలసింది అంతే.

మంత్రిగారు తలుపులోంచి బయటపడ్డారు. చొక్కా తడిసి వంటికి అంటుకుపోయింది. నోరు తెరుచుకుని ఊపిరి తీస్తున్నారు. లోవ అక్కడే నిలబడి ఆయన్ని చూసింది. ఉంగరాలు చూసింది. తడిసిన కండువా చూసింది. గడ్డం మీదనుంచి కారుతున్న చెమట చూసింది. తొందర లేదు. "చూశారా, భాగాలు!" అని విశ్వంభరరావు గారు ఎవరికో గుసగుసగా చెబుతున్నారు. లోవ చివరికి ఆయన మొహం చూసింది.

"తాత," అంది. "నీళ్లు."

అంటూనే కిందికి దిగి, వాళ్లమ్మ సంచీలోంచి సీసా తెచ్చి ఇచ్చింది. కూర్చోడానికి కుర్చీ లేదు కాబట్టి మంత్రిగారు వేదిక మీదే చతికిలబడి సీసాడు నీళ్లూ తాగారు. తాగుతూ ఆ పిల్ల వంక చూశారు. ఆ కాసేపూ ఆయన మొహం మంత్రి మొహంలా లేదు, నిజంగానే ఎవరింట్లోనో తాత మొహంలా ఉంది. ఇప్పుడీయన మమ్మల్ని ఈ పిచ్చినుంచి బయటపడేస్తాడని నేను ఆశపడ్డాను.

అప్పుడే విలేకరి ఒకడు మైకు ముందుకు పెట్టాడు. "సార్, మిమ్మల్ని పెట్టెలో పెట్టి గడియ వేశారంటున్నారు. నిజమేనా?"

మంత్రిగారు సీసా దింపారు. కెమెరాల వంక చూశారు. ఆయన ఎన్నో ఎన్నికలు చూసిన మనిషి.

"గడియ వెయ్యడమేంటయ్యా! ఇది శాస్త్రీయ ప్రయోగం. ఆ పిల్ల తనంతట తానొచ్చి నన్ను గుర్తుపట్టిందా లేదా? తాతా అందా లేదా? ఈ రాష్ట్రంలో ప్రతి బిడ్డకీ నేను తాతనే. పథకం నూటికి నూరుపాళ్లూ విజయవంతం!"

చప్పట్లు మోగాయి. విశ్వంభరరావు గారు కళ్లు తుడుచుకున్నారు.

జనం వెళ్లిపోయాక యాస్మిన్ గారు చాప మీద లోవకి కాస్త దూరంగా కూర్చున్నారు. నూకరత్నం ఆవిడని చాలాసేపు చూసి అడిగేసింది. "అమ్మా, పెద్ద చదువు చదివినోరు. నిజంగా నయమైపోయిందా మా పిల్లకి?"

"జబ్బయితే కదమ్మా నయమవడానికి? తను చూసే తీరు అది. మీకూ నాకూ ఒక తీరుంది, తనకి ఇంకో తీరుంది. మిషన్ బిగించి ఇవ్వండి, చాలు."

"ఆ మాట ఈళ్లకి సెప్పరాదా?"

"చెప్పాను. నమస్కారం వరకే విన్నారు," అన్నారు యాస్మిన్ గారు, లేస్తూ. తన ఊరు చేరాక ఆవిడ శాఖకి పెద్ద ఉత్తరమే రాశారు. అది అందినట్టు రసీదు మాత్రం వచ్చిందట.

వారం తిరక్కుండా మాకు ఒకేసారి రెండు ఉత్తర్వులు వచ్చాయి. మొదటిది: భాగదర్శన పథకాన్ని అద్భుతంగా అమలుచేసినందుకు మా బడిని ఆదర్శ పాఠశాలగా ప్రకటించారు. ఆదర్శ పాఠశాలలకి పథకంనుంచి మినహాయింపు ఉంటుంది. ఆ సాయంత్రమే నేను బజారునుంచి మిషన్ల నాగూర్ని పిలిపించాను. అతను కుట్టుమిషను బిగించాడు. ఒక స్క్రూ మిగిలింది. అది ఎక్కడిదో అతనికీ తెలియలేదు. అయినా మిషను తిరిగింది. లోవ మూడు గలీబులు కుట్టి, అప్పుడుగానీ ఇంటికి బయల్దేరలేదు.

రెండో ఉత్తర్వు: నయమైన విద్యార్థిని లోవకుమారిని నెలాఖరులోగా బడినుంచి తొలగించి, తొలగించినట్టు నివేదిక పంపాలి. మంత్రిగారు అసెంబ్లీలో ఆమె పేరు చెప్పబోతున్నారు కాబట్టి ఇందులో మార్పు ఉండదు.

త్రిమూర్తులు గారు దాన్ని కూడా నిలబడే చదివారు. ఆయన మేజా ఇంకా బిగించలేదు. కిటికీ గట్టు మీద కాగితం పెట్టి, మళ్లీ మొదటినుంచి చదివారు. పక్క గదిలోంచి మిషను చప్పుడు వినబడుతోంది. వచ్చే ఏడు ఆయన రిటైరు కావాలి. పైవాళ్ల మాట ఒక్కటి కాదనకుండా అంతదూరం లాక్కొచ్చిన మనిషి. ఆయన ఏం చేస్తారో నాకు తెలుసనుకున్నాను. లోవకి ఈ సంగతి ఎలా చెప్పాలా అని లోలోపల మాటలు వెతుక్కుంటున్నాను.

"మందాకిని గారూ," అన్నారాయన. "మంత్రిగారు పెట్టెలోంచి బయటికొచ్చినప్పుడు నీళ్లివ్వాలని ఆ వేదిక మీద ఒక్కరికీ తోచలేదండి. నాకూ తోచలేదు. నేను పక్కనే ఉన్నాను."

అని, తెల్లకాగితం తీసుకుని, గట్టు మీద వంగి రాయడం మొదలుపెట్టారు. మర్నాడు ఆ కాగితం నాకు చూపించారు.

"అయ్యా, తమరి ఉత్తర్వును శిరసావహించి, విద్యార్థిని లోవకుమారి తొలగింపు కార్యక్రమమును తక్షణమే ప్రారంభించితిమి. అయితే ఆమెను ఒక్కసారిగా, సంపూర్ణముగా తొలగించినచో తక్కిన విద్యార్థుల మెదడు దానిని స్వీకరించజాలదని, అది పథకము మూలసూత్రమునకే విరుద్ధమని మనవి. కావున తొలగింపును భాగములుగా చేపట్టితిమి. మొదటి విడతలో ఆమె చెప్పులను తరగతి గదినుంచి తొలగించి, గుమ్మము బయట ఉంచడమైనది. తక్కిన భాగములను క్రమానుసారము తొలగించగలము. చిత్తగించవలెను."

నేను ఆ కాగితం వంక, ఆయన వంక మార్చి మార్చి చూశాను. మా బడిలో పిల్లలందరూ చెప్పులు గుమ్మం బయటే విడుస్తారు.

"ఇది పంపిస్తారా అండి?"

"పంపించేశానండి. ఇది నకలు," అన్నారాయన.

ఆ తర్వాత రోజులన్నీ జీపు చప్పుడు వినబడితే చాలు ఆయన లేచి నిలబడేవారు. పోస్టుమేన్ వస్తే గేటు దాకా ఎదురెళ్లేవారు. సస్పెన్షన్ కాగితం ఎంత పొడుగుంటుందని ఒకసారి నన్నడిగారు. నాకు తెలియదన్నాను. ఒక మధ్యాహ్నం నూకరత్నం పిల్లకి అన్నం క్యారేజీ ఇవ్వడానికొచ్చి అక్కడే ఉండగా జవాబు వచ్చింది. హెడ్మాస్టారు నిలబడి చదివారు. చదువుతూ చదువుతూ అటెండరు స్టూలు లాక్కుని కూర్చున్నారు. పై కాగితాన్ని ఆయన కూర్చుని చదవడం నేను చూడటం అదే మొదలు.

"మొదటి విడత తొలగింపు సంతృప్తికరం," అని మాకు పైకి చదివి వినిపించారు. "ప్రధానోపాధ్యాయుని పథకనిష్ఠ అభినందనీయం. రెండవ విడత వివరములు వచ్చే సంవత్సరమునకు పంపవలెను."

నూకరత్నానికి సగమే అర్థమైంది. "రెండో ఇడతలో మా పిల్లకి ఏటి తీసేత్తారండీ?" అంది భయంభయంగా.

త్రిమూర్తులు గారు కిటికీలోంచి ఆకాశం వంక చూశారు. మబ్బు పట్టి ఉంది.

"అమ్మాయికి గొడుగుందా అమ్మా?"

"లేదండి. పాతది ఇరిగిపోయింది."

"రేపు ఒకటి కొనిస్తాను," అన్నారాయన. "వానాకాలం కదా. ఎలాగూ బయటే పెట్టాలి."